మెనూ రాకపోతే కొంప మునగదే, చెల్లీ!

ఏమే, ఉబుంటునా విండోసా అని అడిగే స్క్రీన్ మాయమై, లాప్‌టాప్ తిన్నగా విండోస్‌లోకే పోతోందని అంత బెంగా? షాపతను “ఫార్మాట్ కొట్టాలి మేడమ్” అన్నాడా? ముందు దాన్ని ఇంటికి తెచ్చేసుకో. అతనికి ఆ వైద్యం ఒక్కటే వచ్చు, పాపం. పిల్లల ఫొటోలు పోతే మాత్రం తెచ్చివ్వలేడు.

మెనూ చూపించేదాని పేరు గ్రబ్. అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్‌లాగా ఎవరింటికని అడిగి లోపలికి పంపుతుంది. దాన్ని ముందు లేపాలా, నేరుగా విండోస్‌నే లేపాలా అన్న వరస మదర్‌బోర్డు దగ్గర ఉంటుంది. పెద్ద అప్‌డేట్ పడ్డప్పుడు విండోస్ ఒక్కోసారి ఆ వరసలో తనే ముందుకొచ్చి కూర్చుంటుంది. నీ ఉబుంటు చాలావరకు ఉన్నచోటే ఉండి ఉంటుంది.

నీది డెల్ కదా, ఆన్ చేయగానే ఎఫ్12 టకటకా నొక్కు. లెనోవోకీ చాలావాటికి అదే, హెచ్‌పీకి ఎఫ్9. వచ్చిన వరసలో ‘ఉబుంటు’ కనిపిస్తే ఎంటర్ కొట్టు. తెరుచుకుందా? ఇక బయోస్‌లో బూట్ ఆర్డర్‌లోకి వెళ్లి దాన్ని పైకి జరిపితే సరి. కానీ బయోస్‌లో చెయ్యి పెట్టేముందు బిట్‌లాకర్ ఉందేమో చూసుకో తల్లీ. ఉంటే 48 అంకెల రికవరీ కీ అడిగి కూర్చోవచ్చు. నీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో అది ఉందో లేదో చూసి, ముందే కాగితం మీద రాసి పెట్టుకో.

మెనూ వచ్చి అందులో విండోస్ లేకపోతే అది వేరే కథ. పక్క సిస్టమ్‌లను వెతికిపెట్టే ఓఎస్-ప్రోబర్‌ని 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి భద్రత కోసమని మామూలుగా ఆపేసి ఇస్తున్నారు. కొత్తగా ఉబుంటు వేసుకున్నవాళ్లు విండోస్ చెరిగిపోయిందని ఏడ్చేది ఇక్కడే. ఉబుంటులో ఈటీసీ అనే ఫోల్డర్‌లోని డిఫాల్ట్ ఫోల్డర్ తెరిస్తే గ్రబ్ అనే ఫైలుంటుంది. అందులో ప్రోబర్‌ని డిజేబుల్ చేసే లైను విలువ ఫాల్స్‌గా ఉండాలి, ముందు హ్యాష్ గుర్తుంటే తీసెయ్యి. సేవ్ చేసి, టెర్మినల్‌లో సుడోతో అప్‌డేట్-గ్రబ్ కొట్టు.

2024 ఆగస్టులో వచ్చిన విండోస్ అప్‌డేట్ ఇంకో రకం తంటా తెచ్చింది. డ్యూయల్ బూట్ పెట్టుకున్న చాలామందికి లినక్స్ తెరుచుకోక ‘సెక్యూరిటీ పాలసీ వయొలేషన్’ అని మొండికేసింది. అప్పుడు కూడా సెక్యూర్ బూట్‌ని కాసేపు ఆపి లోపలికెళ్లి సర్దుకున్నారే తప్ప, ఫార్మాట్ అక్కర్లేకపోయింది.

అన్నట్టు, ఉబుంటు వాడి విండోస్‌లోకి వచ్చాక గడియారం అయిదున్నర గంటలు వెనక్కి పోతే బ్యాటరీ మార్పించకు. మెషీన్ గడియారంలో ఉబుంటు యూటీసీ టైమ్ పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. ఉబుంటుకి కూడా లోకల్ టైమే వాడమని టైమ్‌డేట్‌సీటీఎల్‌తో ఒక్కసారి చెప్పేస్తే చాలు. సాయంత్రం ఫోన్ చెయ్యి, పక్కనుండి చేయిస్తాను.