ఎఫ్ 2.8 కథ: స్టేజీ ఫొటోలకు అందుబాటు ధరలో జూమ్ లెన్స్

ప్రతి ఏడాదీ మన బడి వార్షికోత్సవం అవగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "మా అమ్మాయి డాన్సు ఫొటోలన్నీ మసకగా వచ్చాయండీ, మీ దగ్గరేమైనా మంచివి ఉన్నాయా?" అని. వెంటనే రెండో ప్రశ్న: "ఏ లెన్స్ కొనమంటారు? మరీ ఖరీదైనది వద్దండీ!" ఈ రెంటికీ కలిపి ఒకేసారి జవాబు రాసేస్తే నాకూ, అడిగేవారికీ శ్రమ తప్పుతుందని, సావనీర్ కమిటీ వారు వ్యాసం అడగ్గానే ఒప్పేసుకున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, నేను ఫొటోగ్రాఫర్ని కాను. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారం పొద్దున్న పిల్లలకు గుణింతాలు చెప్పడం, ఫంక్షన్ రోజున మెడలో కెమెరా తగిలించుకోవడం, ఇదీ నా సంగతి. ఇంజినీరింగ్ చదివాను కాబట్టి లెక్క వేయనిదే డబ్బు బయటకు తీయబుద్ధి కాదు. ఆ లెక్కే ఇక్కడ మీకు చెబుతాను. కాస్త గుణకారం వచ్చిన పిల్లలు కూడా చదవవచ్చు.

నా మొదటి పాఠం

2011లో మా అమ్మ ఆరు నెలలకని ఇక్కడికి వచ్చింది. ఆ ఏడాది సంక్రాంతి ఫంక్షన్‌లో మా అమ్మాయి మొదటిసారి స్టేజీ ఎక్కి వేమన పద్యం చెప్పింది. దానికి అప్పుడు ఆరేళ్ళు. నాన్నమ్మ కుట్టించి తెచ్చిన పట్టు పరికిణీ కట్టుకుంది. నేను కొత్త ఎస్.ఎల్.ఆర్. కెమెరాతో, దానితోపాటు పెట్టెలో వచ్చిన 18-55 లెన్స్‌తో టకటకా నలభై ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే వెనకున్న బ్యానర్ మీద అక్షరాలు చక్కగా చదవవచ్చు. పిల్ల ముఖం మాత్రం నీళ్ళలో నీడలా ఉంది. నలభైలో ఒక్కటీ బాగా రాలేదు.

ఊరికి వెళ్ళేముందు అమ్మ అడిగింది. "ఏరా, బుజ్జిది పద్యం చెప్పిన ఫొటో ఒకటి కాగితం మీద వేయించి ఇవ్వు. మన వీధిలో వాళ్ళకి చూపిస్తాను." ఇవ్వడానికి నా దగ్గర లేదు. పార్కులో తీసిన ఫొటోలు పెట్టి పంపాను. ఆ తర్వాత మోకాళ్ళ నొప్పులతో అమ్మ మళ్ళీ విమానం ఎక్కలేదు. తప్పు కెమెరాది అనుకున్నాను కొన్నాళ్ళు. తీరా చదివి తెలుసుకుంటే తప్పు నాదే, నాకు లెక్క తెలియకపోవడమే.

మసక ఎందుకు వస్తుంది?

ఫొటో మసకగా రావడానికి ముఖ్యంగా మూడు కారణాలు. ఒకటి, మన చెయ్యి కదలడం. రెండు, ఎదుటి మనిషి కదలడం. మూడు, ఫోకస్ తప్పడం. నా ఫొటోల్లో బ్యానర్ స్పష్టంగా ఉంది కాబట్టి చెయ్యి కదలలేదు. పిల్ల కదిలింది. కెమెరా షట్టర్ సెకనులో యాభయ్యో వంతు సేపు తెరుచుకుంది. ఆ కాస్త సేపట్లో పద్యం చెప్పే పిల్ల తల ఊపినా ముఖం చెరిగిపోతుంది. ఇక కూచిపూడి చేసే పిల్లల చేతుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

షట్టర్‌ని ఇంకా త్వరగా మూయాలంటే లోపలికి వెలుగు ఎక్కువ రావాలి. హాల్లో వెలుగు మన చేతిలో లేదు. కెమెరా మీదున్న బుల్లి ఫ్లాష్ స్టేజీ దాకా పోదు, పోయినా డాన్సు చేసేవాళ్ళ కళ్ళలో పడుతుంది. ఐ.ఎస్.ఓ. పెంచవచ్చు గానీ, పాత కెమెరాల్లో పెంచినకొద్దీ ఫొటో మీద ఇసుక చల్లినట్టు రవ్వ వస్తుంది. మిగిలింది లెన్స్ లోపలి ద్వారాన్ని పెద్దది చేయడం.

పిల్లలకు చిన్న లెక్క

పిల్లలూ, లెన్స్‌ని తెలుగులో కటకం అంటారు. దాని మీద రాసి ఉండే మిల్లీమీటర్ల అంకె నాభ్యంతరం. కటకం లోపల మన కంటిపాపలా పెద్దదీ చిన్నదీ అయ్యే ద్వారం ఒకటి ఉంటుంది. నాభ్యంతరాన్ని ఆ ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ సంఖ్య. (ఈ వ్యాసం మీరు చదువుతున్న వ్యాసం కాదు, వృత్తం మధ్యలో గీసే గీత!)

50 మి.మీ. దగ్గర ఎఫ్ 5.6 అంటే ద్వారం వ్యాసం 50ని 5.6తో భాగించగా సుమారు 9 మి.మీ. అదే 50 దగ్గర ఎఫ్ 2.8 అయితే సుమారు 18 మి.మీ. వ్యాసం రెండింతలు. మరి వెలుగు ఎన్నింతలు? వెలుగు వచ్చేది వృత్త వైశాల్యంలోంచి. వ్యాసం రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు. కాబట్టి వెలుగు నాలుగింతలు! అంకె చిన్నదైనకొద్దీ కిటికీ పెద్దది అన్నమాట.

ఇప్పుడు నా పాత ఫొటో సంగతి చూడండి. ఎఫ్ 5.6 దగ్గర షట్టర్ సెకనులో యాభయ్యో వంతు. నాలుగింతల వెలుగు వస్తే సెకనులో రెండు వందలో వంతు సరిపోతుంది. అదే హాలు, అదే కెమెరా, అదే ఐ.ఎస్.ఓ. పద్యం చెప్పే పిల్ల ముఖం నిలిచేది. ఇలా పెద్ద ద్వారమున్న లెన్స్‌ని "ఫాస్ట్" లెన్స్ అంటారు. అది పరిగెత్తదు, షట్టర్‌ని పరిగెత్తిస్తుంది.

కెమెరాతో వచ్చే 18-55 లెన్స్ 18 దగ్గర ఎఫ్ 3.5 ఇస్తుంది, 55కి జూమ్ చేసేసరికి 5.6కి పడిపోతుంది. అంటే పిల్లని దగ్గరగా చూడాలనుకున్నప్పుడే కిటికీ మూసుకుంటుంది. 17 నుంచి 50 దాకా ఎక్కడైనా 2.8 ఇచ్చే జూమ్ ఉంటే మన కష్టం చాలావరకు తీరుతుంది.

ఎక్కువ డబ్బు దేనికి?

ఇలాంటి జూమ్‌లు కెమెరా కంపెనీలవీ ఉన్నాయి, ఇతర కంపెనీలవీ ఉన్నాయి. క్యానన్ వారి 17-55 ఎఫ్ 2.8 2006లో వచ్చింది. నికాన్ వారి 17-55 ఎఫ్ 2.8 అంతకంటే ముందే వచ్చింది. కొత్తవి కొనాలంటే వెయ్యి డాలర్లకు అటూ ఇటూగానో, ఆ పైనో ఉండేవి. టామ్రాన్ 17-50 ఎఫ్ 2.8 కూడా 2006లోనే వచ్చింది, అందులో సగం ధరకే. చెయ్యి వణుకుని సరిదిద్దే ఏర్పాటుతో టామ్రాన్ రెండో రకం 2009లో, సిగ్మా 17-50 ఎఫ్ 2.8 2010లో వచ్చాయి.

అసలు మాట ఇదీ. ఖరీదైన లెన్స్ ఎఫ్ 2.8 దగ్గరా, చవక లెన్స్ ఎఫ్ 2.8 దగ్గరా లోపలికి వచ్చే వెలుగు దాదాపు ఒక్కటే. రూపాయి ఎవరి జేబులో ఉన్నా రూపాయే. మనం అదనంగా ఇచ్చే డబ్బు వేరే వాటికి. నిశ్శబ్దంగా, చురుగ్గా తిరిగే ఫోకస్ మోటారు, గట్టి ఒళ్ళు, ఫొటో మూలల్లో ఇంకాస్త పదును. ఇవన్నీ మంచివే. మనకు అవసరమా అన్నదే ప్రశ్న. పెళ్ళిళ్ళు తీసి సంపాదించేవారికి అవసరం. ఏడాదికి నాలుగు ఫంక్షన్లు, రెండు పుట్టినరోజులు, ఒక బొమ్మల కొలువు తీసే మనకు అంతగా అక్కర్లేదు.

వణుకుని సరిదిద్దే ఏర్పాటు గురించి ఒక హెచ్చరిక. ఐ.ఎస్., వి.ఆర్., వి.సి., ఓ.ఎస్. అని ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. అది సరిదిద్దేది మన చేతి వణుకునే, పిల్లల గంతుల్ని కాదు. నా నలభై ఫొటోలు చెడింది సరిగ్గా అక్కడే, ఆ పెట్టె లెన్స్‌కీ ఆ ఏర్పాటు ఉంది మరి! ఇంట్లో దీపాల వెలుగులో కొలువు తీయడానికి అది బాగా పనికొస్తుంది. స్టేజీ మీద ఎఫ్ 2.8 చేసే పని అది చేయదు.

మీకు ఏది?

మొదట మీ కెమెరా ఏ రకమో చూసుకోండి. మనలో ఎక్కువమంది దగ్గరున్నవి చిన్న సెన్సర్ కెమెరాలు. వాటిలో ఫొటో 36 బై 24 మి.మీ. ఫిల్ము కంటే చిన్న ముక్క మీద పడుతుంది. క్యానన్‌లో 1.6తో, నికాన్‌లో 1.5తో హెచ్చవేస్తే ఫిల్ము రోజుల కొలత వస్తుంది. 17-50 లెన్స్ క్యానన్‌లో సుమారు 27-80లా పనిచేస్తుంది. హాల్లో కొలువు మెట్లన్నీ పడతాయి, స్టేజీ మీద మనిషీ పడతాడు.

టామ్రాన్ 28-75 ఎఫ్ 2.8 అని మరో మంచి చవక లెన్స్ 2003లో వచ్చింది. ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉన్నవారికి అది చక్కగా సరిపోతుంది. చిన్న సెన్సర్ మీద మాత్రం 45 నుంచి మొదలైనట్టు ఉంటుంది, అపార్ట్‌మెంట్ గదిలో గోడకు ఆనుకుని నిలబడినా భోగిపళ్ళు పోసేవాళ్ళందరూ ఫొటోలో పట్టరు.

నా సలహా ఇదీ. బరువు తక్కువ, ధర తక్కువ కావాలంటే వణుకు ఏర్పాటు లేని టామ్రాన్ 17-50. అయితే దాని ఫోకస్ మోటారు కాస్త రొద చేస్తుంది, ప్రార్థన గీతం జరుగుతుంటే ముందు వరుసవాళ్ళు తిరిగి చూస్తారు. కాస్త బరువైనా నిశ్శబ్దం కావాలంటే సిగ్మా 17-50. క్యానన్, నికాన్ 2018 నుంచి మిర్రర్‌లెస్ కెమెరాలకు కొత్త మౌంట్లు పెట్టాయి. చాలామంది అటు వెళ్ళి పాత లెన్స్‌లు అమ్మేస్తున్నారు. అందువల్ల ఇవి సెకండ్ హ్యాండ్‌లో రెండు మూడు వందల డాలర్ల లోపే దొరుకుతున్నాయి.

నికాన్ వారికి ఒక జాగ్రత్త. టామ్రాన్ 17-50 తొలి రకానికి లోపల మోటారు లేదు. డి40, డి3000, డి5000 వంటి చిన్న కెమెరాల్లోనూ ఉండదు. రెండూ కలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. మోటారున్న రకమేనా అని అడిగి తీసుకోండి.

అంత కూడా పెట్టలేమంటారా? 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ తీసుకోండి. జూమ్ ఉండదు గానీ, 2.8 కంటే రెండింతలకు పైగా వెలుగు ఇస్తుంది. కాళ్ళే జూమ్ అనుకోవాలి. ఏ లెన్స్ అయినా ముందు రెండు మూడు వరుసల్లో కూర్చోవాలి. పదిహేనో వరుస నుంచి 50 మి.మీ.తో పిల్లలు చీమల్లా కనబడతారు.

కొనేముందు పచ్చడి పేపరు పరీక్ష

సెకండ్ హ్యాండ్ లెన్స్‌ని లైటుకి ఎదురుగా పట్టుకుని లోపలికి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది బూజు, వద్దని చెప్పి వచ్చేయండి. నాలుగు ధూళి కణాలుంటే పరవాలేదు. ఆ తర్వాత ఊరి నుంచి పచ్చళ్ళ సీసాలకు చుట్టి వచ్చిన తెలుగు పేపరు ఉంటుంది కదా, అది గోడకు నాలుగు మూలలా అంటించండి. కెమెరాని కదలకుండా నిటారుగా పెట్టి 17, 35, 50 దగ్గర, ఎఫ్ 2.8లో ఒకటి, 5.6లో ఒకటి తీయండి. కంప్యూటర్లో పెద్దది చేసి ఒత్తులూ తలకట్టులూ చూడండి. 2.8లో మూలలు కాస్త మెత్తగా ఉండటం మామూలే. మూడు మూలలు బాగుండి ఒక్క మూల బాగా చెదిరిపోతే లోపల అద్దం పక్కకు జరిగిందన్నమాట. అది తీసుకోవద్దు.

చివరగా పేపరుని బల్ల మీద పరిచి, ఏటవాలుగా చూస్తూ ఒక వరుస మీద ఫోకస్ చేసి తీయండి. ఆ వరుసే స్పష్టంగా రావాలి. ముందుదో వెనకదో స్పష్టంగా వస్తే ఫోకస్ తప్పుతోంది. నేను మొదట కొన్న లెన్స్‌కి ఈ జబ్బే ఉండేది. వారం లోపు వాపసు ఇచ్చే ఒప్పందం ఉండబట్టి బతికిపోయాను.

కొన్నాక

ఎఫ్ 2.8 ఉంది కదా అని అన్నిటికీ అదే పెట్టకండి. అది పెట్టినప్పుడు ముందూ వెనకా స్పష్టంగా వచ్చే లోతు తగ్గుతుంది. తరగతి గ్రూప్ ఫొటోలో మూడు వరుసలుంటే ఎఫ్ 5.6 పెట్టండి, లేకపోతే వెనక వరుస అమ్మలందరూ మిమ్మల్నే అడుగుతారు. స్టేజీకి మాత్రం 2.8, షట్టర్ సెకనులో రెండు వందలో వంతు, ఫోకస్ పిల్లల కళ్ళ మీద. డాన్సు ఊపందుకుంటే ఐ.ఎస్.ఓ. ఇంకో మెట్టు పెంచండి. కాస్త రవ్వ ఉన్న ఫొటోని నాన్నమ్మలు గుండెలకు హత్తుకుంటారు, చెరిగిపోయిన ముఖాన్ని ఏమీ చేసుకోలేరు.

పిల్లలకు ఇంటిపని

1. 50 మి.మీ. దగ్గర ఎఫ్ 4 అయితే ద్వారం వ్యాసం ఎంత?
2. ఎఫ్ 2.8 నుంచి ఎఫ్ 4కి వెళ్తే వెలుగు సుమారు ఎన్నో వంతు అవుతుంది?
3. మీ అమ్మమ్మకో తాతయ్యకో ఈ నెల ఒక ఫొటో కాగితం మీద వేయించి, వెనక మీ చేత్తో తెలుగులో రెండు వాక్యాలు రాసి పంపండి. దీనికి మార్కులు ఎక్కువ.

ఆ మరుసటి ఏడాది నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న టామ్రాన్ 17-50 ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయింది. మొదటి పద్యం ఫొటో లేకపోయినా, రెండో ఏడాది పద్యం ఫొటో మా ఊళ్ళో అమ్మ గది గోడ మీద ఉంది. ఏ లెన్స్ కొనాలో తేల్చుకోలేని వారు ఆదివారం బడి దగ్గర నన్ను పట్టుకోండి. నా లెన్స్ వారం రోజులు ఇస్తాను. క్యానన్ చిన్న సెన్సర్ కెమెరా ఉంటే చాలు. వాడి చూసి, మీ పిల్లల మీద నాలుగు ఫొటోలు తీసి, ఆ తర్వాతే డబ్బు పెట్టండి.