పవర్ స్ప్రేయర్ ఇంజనులో నిప్పురవ్వ లోపాలు – గుర్తించే విధానం

మిరపలో తామరపురుగు ఉద్ధృతి కనిపించిన తరువాత రైతుకు మిగిలే వ్యవధి చాలా స్వల్పం. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప తోటలను నల్ల తామరపురుగు ఆశించినప్పుడు ఈ విషయం అందరికీ అనుభవంలోకి వచ్చింది. అటువంటి సమయంలో ఉదయాన్నే మందు కలిపి, ట్యాంకులో పోసి, తాడు ఎన్నిసార్లు లాగినా ఇంజను అందుకోకపోతే నష్టం కూలి డబ్బుతో ఆగదు. నీటిలో కలిపిన మందును ఆ రోజే వాడుకోవలసి ఉంటుంది. మన సస్యరక్షణ సిఫార్సులు మందు పేరును, మోతాదును, ఎకరాకు కావలసిన నీటి పరిమాణాన్ని వివరంగా తెలుపుతాయి గాని, ఆ మందును ఆకు మీదికి చేర్చవలసిన యంత్రం గురించి సాధారణంగా ఏమీ చెప్పవు. ఇది మన విస్తరణ సాహిత్యంలో ఉన్న లోటని ఈ రచయిత అభిప్రాయం.

వీపున తగిలించుకునే పవర్ స్ప్రేయర్లలో చాలావరకు 25 నుండి 35 సి.సి. సామర్థ్యం గల టూ స్ట్రోక్ పెట్రోలు ఇంజన్లే ఉంటాయి. వీటికి బ్యాటరీ ఉండదు. తాడు లాగినప్పుడు ఫ్లైవీల్ తిరుగుతుంది. దాని అంచున అమర్చిన అయస్కాంతం కాయిల్ ముందుగా సాగిపోయే క్షణంలో కాయిల్‌లో విద్యుత్తు పుడుతుంది. అది వేల వోల్టుల స్థాయికి పెరిగి, ప్లగ్ కొన వద్ద ఉన్న సన్నని ఖాళీని దాటుతూ నిప్పురవ్వగా మారుతుంది. తాడును నెమ్మదిగా లాగితే రవ్వ రాదు. పరీక్షించేటప్పుడు కూడా ఈ విషయం గుర్తుంచుకోవాలి.

లోపం ఇంధనంలోనా, రవ్వలోనా?

ముందుగా తేల్చవలసిన ప్రశ్న ఇది. చోక్ వేసి ఎనిమిది, పది సార్లు తాడు లాగిన తరువాత ప్లగ్‌ను విప్పి చూడాలి. కొన పొడిగా ఉంటే పెట్రోలు సిలిండరులోకి చేరడం లేదని అర్థం; అప్పుడు కార్బురేటరును, ఫిల్టరును పరిశీలించాలి. కొన తడిసి ఉంటే పెట్రోలు అందుతున్నట్లే. కాబట్టి అనుమానం రవ్వ మీదికి మళ్లుతుంది. అయితే చోక్ వేసి అతిగా లాగడం వల్ల కూడా ప్లగ్ తడుస్తుంది. అందుచేత ప్లగ్‌ను తుడిచి ఆరబెట్టి, చోక్ తీసి, ప్లగ్ లేకుండానే నాలుగైదు సార్లు తాడు లాగి, సిలిండరులో చేరిన అదనపు పెట్రోలును బయటకు పోనివ్వాలి.

రవ్వను పరీక్షించడానికి ముందు యంత్రాన్ని మందు డబ్బాలకు, పెట్రోలు క్యానుకు దూరంగా తీసుకుపోవాలి. ఇ.సి. రూపంలో ఉండే పురుగుమందుల ద్రావకాలు కూడా మండే స్వభావం కలవే. ఒలికిన పెట్రోలును తుడిచి, అది ఆవిరైపోయేవరకు ఆగాలి. ఆ తరువాత ప్లగ్‌ను క్యాప్‌కు తగిలించి, ప్లగ్ మరలు ఇంజను లోహభాగానికి గట్టిగా ఆనేటట్లు, ప్లగ్ రంధ్రానికి వీలైనంత దూరంగా ఉంచాలి. క్యాప్‌ను చేతితో కాక, రబ్బరు పిడి గల కటింగ్ ప్లేయరుతో పట్టుకోవాలి. నీడలో తాడును వేగంగా లాగినప్పుడు నీలిరంగు రవ్వ చిటపట శబ్దంతో కనిపిస్తే మంచిది. పసుపు, నారింజ రంగులో సన్నగా కనిపించే రవ్వ బలహీనమైనది. బయటి గాలిలో కనిపించిన రవ్వ సిలిండరులోని ఒత్తిడిలో కనిపించకపోవచ్చు, ఎందుకంటే ఒత్తిడికి లోనైన గాలిని దాటడానికి ఎక్కువ వోల్టేజి అవసరం. కాబట్టి బలహీనమైన రవ్వను చూసి "రవ్వ ఉంది" అని నిర్ధారించుకోరాదు. క్యాప్‌ను దేనికీ తగిలించకుండా గాలిలో వదిలి తాడు లాగడం కూడా మంచిది కాదు; దారి దొరకని వోల్టేజి కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ను దెబ్బతీయవచ్చు.

స్టాప్ స్విచ్ తీగ

రవ్వ బొత్తిగా లేనప్పుడు చాలామంది వెంటనే కొత్త కాయిల్ కొంటారు. కాని ముందుగా చూడవలసినది స్టాప్ స్విచ్. ఇంట్లో దీపం స్విచ్ వేస్తే విద్యుత్తు ప్రవహిస్తుంది, తీస్తే ఆగిపోతుంది. ఈ ఇంజన్లలో పద్ధతి దీనికి తలక్రిందులు. స్విచ్‌ను ఆపే స్థానానికి తెచ్చినప్పుడు అది కాయిల్ నుండి వచ్చే తీగను ఇంజను లోహానికి కలుపుతుంది. విద్యుత్తు అటుగా పోయి రవ్వ ఆగిపోతుంది. కనుక ఆ తీగ పైతొడుగు ఎక్కడైనా ఒరుసుకుపోయి రాగి భాగం లోహానికి తగిలితే, స్విచ్ ఏ స్థానంలో ఉన్నా ఇంజను ఆపివేసినట్లే ఉంటుంది. స్విచ్‌లోకి మందు నీరు చేరినా ఇదే ఫలితం. స్ప్రేయరులో తీగ హ్యాండిల్ వరకు సాగి, నిత్యం వంగుతూ ఉండటం వల్ల ఈ లోపం తరచుగా ఏర్పడుతుంది.

పరీక్ష సులభం. కాయిల్ వద్ద ఆ సన్నని తీగ క్లిప్పును ఊడదీసి మళ్లీ రవ్వను చూడాలి. రవ్వ వస్తే కాయిల్ బాగున్నట్లే. తీగను గాని, స్విచ్‌ను గాని మార్చితే సరిపోతుంది. తీగ ఊడి ఉన్నప్పుడు ఇంజను అందుకుంటే స్విచ్‌తో ఆగదని, చోక్ పూర్తిగా మూసి ఆపాలని గుర్తుంచుకోవాలి. తీగను తీసేసి అలాగే పనిచేయించడం కొన్నిచోట్ల అలవాటుగా మారింది. వీపు మీద మోసే యంత్రాన్ని అత్యవసర సమయంలో ఆపలేకపోవడం ప్రమాదకరం.

ఇదే సూత్రం పడవలకు అమర్చే పెట్రోలు అవుట్‌బోర్డ్ మోటార్లకూ వర్తిస్తుంది. నడిపేవారి మణికట్టుకు కట్టుకునే తాడు చివర క్లిప్పు ఉంటుంది. అది స్విచ్ నుండి ఊడితే రవ్వ ఆగిపోతుంది. మోటారు అందుకోనప్పుడు మొదట క్లిప్పు తన స్థానంలో ఉన్నదీ లేనిదీ చూడటం, తరువాత ఉప్పునీటికి తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్లను శుభ్రపరచడం అక్కడి క్రమం.

ప్లగ్, కాయిల్, ఫ్లైవీల్

స్విచ్ తీగ సరిగా ఉంటే ప్లగ్‌ను చూడాలి. కొన వద్ద ఖాళీ సాధారణంగా 0.6 నుండి 0.7 మి.మీ. ఉండాలి. నల్లని జిడ్డు మసి ఉంటే ఆయిల్ ఎక్కువైందనో, చోక్ పూర్తిగా తెరుచుకోలేదనో భావించాలి. లీటరు పెట్రోలుకు 40 మి.లీ. ఆయిల్ కలిపితే 25:1, 20 మి.లీ. కలిపితే 50:1 నిష్పత్తి అవుతుంది. తయారీదారు సూచించిన దానికంటే "ఇంజను మేలుకోసం" ఎక్కువ పోయడం వల్ల ప్లగ్ తరచుగా మసిబారుతుంది. పింగాణీ పగిలిన ప్లగ్‌ను శుభ్రం చేసి ప్రయోజనం లేదు. కొత్త ప్లగ్ ఒకటి సంచిలో ఉంచుకుంటే పొలంలోనే సందేహం తీరుతుంది.

కొత్త ప్లగ్‌తోనూ రవ్వ లేకపోతే క్యాప్ లోపలి స్ప్రింగును, అది లావు తీగకు తగిలే చోటును చూడాలి. ఆపై కాయిల్‌కు, ఫ్లైవీల్‌కు మధ్య ఖాళీ. ఇది చాలా ఇంజన్లలో 0.3 మి.మీ. దరిదాపుల్లో ఉంటుంది. ఫీలర్ గేజ్ లేనిచోట అంతే మందం గల విజిటింగ్ కార్డును అయస్కాంతానికి, కాయిల్‌కు నడుమ ఉంచి, మరలు వదులు చేస్తే అయస్కాంతమే కాయిల్‌ను లాక్కుంటుంది; అలాగే బిగించి కార్డు తీసేయాలి. అయస్కాంతం మీది తుప్పును ముందే గీకి తుడవాలి. ఇంత చేసినా రవ్వ లేనప్పుడే కాయిల్ మార్చాలి. ఎలక్ట్రానిక్ కాయిళ్లను మల్టీమీటరుతో కొలిచి నిర్ణయించడం నమ్మదగినది కాదు.

మంచి రవ్వ ఉండి, పెట్రోలు అందుతూ కూడా ఇంజను అందుకోక, తాడు చేతిని వెనక్కి లాగుతుంటే ఫ్లైవీల్ కీ తెగి రవ్వ సమయం తప్పిందేమో పరిశీలించాలి.

ఇరవై, ముప్పై నిమిషాలు నడిచి ఆగిపోయి, చల్లారిన తరువాత మళ్లీ అందుకునే ఇంజను మెకానిక్ వద్దకు చేరేసరికి బాగానే నడుస్తుంది. దీనిని ఆగిన మరుక్షణమే, వేడిగా ఉండగానే పరీక్షించాలి. సైలెన్సర్ అప్పుడు కాలుతూ ఉంటుంది కనుక పెట్రోలు చుక్క కూడా ఒలకనీయరాదు. రవ్వ లేకపోతే కాయిల్ వేడికి విఫలమవుతున్నట్లు. రవ్వ ఉంటే పెట్రోలు ట్యాంకు మూతను కొద్దిగా వదులు చేసి చూడాలి. వెంటనే అందుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం.