టార్ట్ తడిసిపోయింది, ఆదివారం ఆమె వస్తోంది

సమస్య

కొండాపూర్‌లో స్నేహితుడితో కలిసి ఫ్లాట్‌లో ఉంటున్న 29 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగిది ఓ తీపి కష్టం. ఆఫీసులో పరిచయమైన అమ్మాయితో రెండుసార్లు బయట కాఫీలయ్యాయి. ఈ ఆదివారం ఆమె భోజనానికి వస్తానంది. పప్పు, బెండకాయ వేపుడు అతనికి కొట్టినపిండే. చిక్కల్లా చివర్లో పెట్టే తీపి దగ్గరే. మాటల్లో ఎప్పుడో ‘నాకు బేకింగ్ వచ్చు’ అనేశాడు. రాదు. యూట్యూబ్ చూసి యాపిల్ టార్ట్ చేస్తే పైన ముక్కలు అందంగానే కుదిరాయి, అడుగు మాత్రం పులుసులో నానిన చపాతీలా తయారైంది. రూమ్మేట్ చెంచాతో గీరుకుని తిని, ‘బేకరీలో కొని డబ్బా మార్చేయరా’ అన్నాడట. ఇంట్లో ఉన్నది కన్వెక్షన్ మైక్రోవేవ్ ఒక్కటే. అన్నట్టు, ఆ అమ్మాయి గుడ్డు తినదు.

సలహా

డబ్బా మార్చే పని వద్దు. ఒక అబద్ధం ఇప్పటికే ఆడాడు, చాలు.

గుడ్డు సంగతి అతను చివర్లో రాశాడు గానీ, ముందు రాయాల్సింది అదే. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల దుకాణదారు ఉండేవాడు. ఆయన భార్యకు గుడ్డు పడదు. అప్పట్లో కస్టర్డ్ చిక్కబడాలంటే గుడ్డు పడాల్సిందే. 1837లో ఆయన మొక్కజొన్న పిండితో గుడ్డులేని కస్టర్డ్ పొడి తయారుచేశాడు. ఆమెకు ఈస్ట్ కూడా సరిపడకపోవడంతో 1843లో బేకింగ్ పౌడర్ చేశాడు. మన ఇళ్లలో ఫ్రూట్ సలాడ్‌కి వాడే కస్టర్డ్ పొడి అలా పుట్టిందే.

కాబట్టి ఈ అబ్బాయి టార్ట్ మానేసి, బ్రిటన్ ఇళ్లలో చేసుకునే యాపిల్ క్రంబుల్‌కి దిగాలి. గుడ్డుతో పనిలేదు. పండులోని నీరు కిందికి దిగి టార్ట్ అడుగును తడిపేసింది. క్రంబుల్‌కి అసలు అడుగే లేదు, పిండంతా పైనే. ముక్కలు వంకరటింకరగా తరిగినా కనపడవు.

ఇక ఏ యాపిల్ కొనాలన్నది. పండ్ల బండి మీద నిగనిగలాడే ఎర్ర డెలిషియస్ రకాన్ని 1916 ప్రాంతంలో శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ సిమ్లా దగ్గరి కోట్‌గఢ్‌కి తెచ్చాడు. కొరుక్కు తినడానికి బాగుంటుంది. వండితే మెత్తబడిపోతుంది, పులుపూ తక్కువే. ఆకుపచ్చ గ్రానీ స్మిత్ దొరికితే అవి రెండు, ఎర్రది ఒకటి. దొరక్కపోతే ఎర్రవాటికే చెంచాడు నిమ్మరసం పట్టించాలి, ముక్కలు నల్లబడవు కూడా.

పైపొడికి మైదా 100 గ్రాములు, వెన్న 50, పంచదార 50. వెన్న ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిందై ఉండాలి. దాన్ని చిన్న ముక్కలు చేసి, అరచేయి తగలకుండా వేళ్ల కొసలతోనే మైదాలో నలపాలి. చేతి వేడికి వెన్న కరిగిందా, పూరీ పిండిలా ముద్దయిపోతుంది. రవ్వలా, అక్కడక్కడా శనగగింజంత ఉండలు కనిపిస్తుండగానే ఆపేసి పంచదార కలపాలి. చేయి ఊరుకోదు, ఇంకాస్త నలుపుదామంటుంది. వినకూడదు. కాలాక కరకరలాడేవి ఆ ఉండలే. వెన్నలో ఉప్పుంటే విడిగా వేయక్కర్లేదు.

మైక్రోవేవ్‌ను కన్వెక్షన్‌లో పెట్టి 180 డిగ్రీలకు ముందే వేడెక్కించాలి. మామూలు మైక్రో మోడ్‌లో పండు ఉడుకుతుంది గానీ పైపొర పాలిపోయి మెత్తగా ఉండిపోతుంది. ఓవెన్‌కి పనికొచ్చే గాజు గిన్నెలో ముక్కలు, రెండు చెంచాల పంచదార, చిటికెడు దాల్చినచెక్క పొడి వేసి, పైన ఆ రవ్వను అదమకుండా చల్లాలి. 35, 40 నిమిషాలకు పైన ఎర్రగా కాలి, అంచుల వెంట రసం బుడగలు కడుతుంది.

ఆమె కాలింగ్ బెల్ కొట్టే వేళకి చేతులకు పిండి ఉండకూడదు. పైపొడి పొద్దున్నే నలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. అన్నానికి కూర్చునే ముందు గిన్నెను ఓవెన్‌లోకి తోసేస్తే, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి ఇల్లంతా దాల్చినచెక్క వాసన. తీసిన వెంటనే వడ్డిస్తే నాలుక కాలుతుంది, పావుగంట ఆగాలి. ఆ పావుగంటలో టార్ట్ కథ ఆమెకు చెప్పేస్తే బేకింగ్ వచ్చన్న బడాయి లెక్క కూడా తేలిపోతుంది. పక్కన వడ్డించడానికి ఆ గుడ్డులేని కస్టర్డ్ ఉండనే ఉంది.

యాపిల్స్ మాత్రం ఆరు కొనాలి. మూడు ఆదివారానికి, మూడు శనివారం రాత్రి రూమ్మేట్ మీద ప్రయోగానికి.