పాత కట్టడములు – వాని పరీక్ష

సంజీవరెడ్డి నగర్ స్టేషనులో మెట్రో రైలెక్కి ఖైరతాబాదు దిక్కునకు పోవువారికి అమీర్‌పేట, పంజగుట్ట దాటిన పిమ్మట మూడవదిగా ఎర్రమంజిల్ స్టేషను వచ్చును. ఆ పేరు అచ్చటి గుట్టమీద నున్న భవనమునుండి వచ్చినది. నైజాము కొలువున ప్రముఖులైన నవాబు ఫక్రుల్ ముల్క్ గారు పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున దానిని కట్టించిరి. తరువాత నది ప్రభుత్వము వశమై రోడ్లు భవనముల శాఖకును, నీటిపారుదల శాఖకును కచేరీ యైనది. కట్టడముల మంచిచెడ్డలు విచారించు ఇంజనీర్లే ఒక పాత కట్టడమున కూర్చుండి పనిచేయుచుండిరన్న మాట. 2019వ సంవత్సరమున దానిని పడగొట్టి ఆ స్థలమున శాసనసభా భవనమును నిర్మింపవలెనని ప్రభుత్వము తలపెట్టగా, వ్యాజ్యములు నడచి, అదే సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన తెలంగాణ హైకోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసెను. నూఱేండ్లు దాటిన భవనము నిలిచినది.

ఆ తీర్పు వెలువడిన ఆఱు దినములకు, అనగా సెప్టెంబరు 22వ తేదీన, అమీర్‌పేట మెట్రో స్టేషను క్రింద వర్షమునకు తలదాచుకొని నిలిచియున్న యొక యువతిపై పైనుండి పెచ్చు ఊడిపడి ఆమె మరణించెను. ఆ స్టేషను ప్రయాణికులకు తెఱవబడి అప్పటికి రెండేండ్లయినను నిండలేదు.

ఈ రెండు సంగతులును ఒకే మాసమున, ఒకే రోడ్డుమీద జరిగినవి. కావున చదువరులు మొదట గ్రహింపవలసిన దేమనగా, కట్టడముయొక్క వయస్సును బట్టి మాత్రమే దాని క్షేమమును నిర్ణయింపరాదు. మఱి దేనిని బట్టి నిర్ణయింపవలెను? దీనికి సమాధానము కొంత రసాయన శాస్త్రమునందును, కొంత లెక్కలయందును కలదు. రెండును మన పాఠశాలలో చెప్పునవే.

ఎర్రమంజిల్ వంటి పాత కట్టడములు డంగు సున్నముతో కట్టినవి. ఇసుకయు సున్నమును గానుగలో నలిపి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు మొదలైనవి చేర్చి, మూరెడు మందమునకు మించిన గోడలు పెట్టెడివారు. ఈ సున్నము గాలిలోని కార్బన్ డయాక్సైడును, అనగా మన పెద్దలు బొగ్గుపులుసు గాలి యనుదానిని, మెల్లమెల్లగా పీల్చుకొని తిరిగి సున్నపురాయిగా మాఱును. కాబట్టి సున్నపు గోడ కొంతకాలమువఱకు ఏండ్లు గడచుకొలది గట్టిపడును. దానికి శత్రువు నీరు. మిద్దెమీది తూము పూడిపోయి నీరు నిలిచినను, పిట్టగోడ సందులో రావిమొక్క మొలచి వేళ్లు దింపినను, సున్నము కరగి రాయి వదులగును. 1591లో కట్టిన చార్మినారునకు సైతము 2019 మే నెలలో ఒక మినారునుండి గచ్చుపని ఊడిపడినది. చూచుచు, బాగుచేయుచు ఉన్నంతకాలము అట్టి కట్టడము నిలుచును. ఉపేక్షించిన నాటినుండి దాని ఆయువు తఱుగును.

సిమెంటు కాంక్రీటు విషయము వేఱు. సంజీవరెడ్డి నగర్, అమీర్‌పేటలలో మన కంటికి క్రొత్తవిగా తోచు మేడలలో పెక్కింటికి స్లాబు, దూలము, స్తంభము అన్నియు ఇనుప ఊచలు పెట్టి పోసిన కాంక్రీటే. క్రొత్త కాంక్రీటునందు క్షారగుణ మధికముగా నుండును. ఆ క్షారము ఊచచుట్టు పలుచని పొరను కల్పించి, త్రుప్పు పట్టకుండ కాపాడును. కాని సున్నమునకు మేలుచేసిన ఆ బొగ్గుపులుసు గాలియే ఇచ్చట కీడు చేయుచున్నది. అది సన్నని రంధ్రములగుండ లోనికి దిగి క్షారమును విఱిచివేయును. స్లాబు అడుగుభాగమున ఊచను కప్పియుండు కాంక్రీటు సుమారు 20 మిల్లీమీటర్లు మాత్రమే. మేస్త్రి అజాగ్రత్తగా పోసినచో అంతయు నుండదు. గాలి ఊచను చేరుటకు ఏండ్లు పట్టును; చేరిన పిమ్మట తేమ తగిలెనా త్రుప్పు మొదలగును. ఇనుము త్రుప్పుగా మాఱునపుడు దాని ఘనపరిమాణము రెట్టింపునకు మించి ఉబ్బును. ఆ యుబ్బు లోపలినుండి కాంక్రీటును చీల్చును. మనము ఇంటి కప్పున చూచు నిలువు బీటలు, గోధుమరంగు మరకలు, ఊడిపడు పెచ్చులు ఈ వ్యాధి లక్షణములే. దానిమీద సిమెంటు పూసి సున్నము కొట్టించుట పుండును కడుగక కట్టు కట్టుట వంటిది. మన ఇండ్లలో జరుగుచున్నది తఱచుగా నిదియే.

ఇక లెక్క. నివాసగృహము స్లాబును చదరపు మీటరునకు సుమారు 200 కిలోగ్రాముల బరువు మోయునట్లు గణించి వేయుట వాడుక. అమీర్‌పేటలో కంప్యూటరు విద్య నేర్చుకొనుటకు జిల్లాలనుండి వచ్చు పిల్లలకై ఆ చుట్టుపట్ల హాస్టళ్లు వెలసినవి. ఒక కుటుంబమునకై కట్టిన ఇంటిని హాస్టలుగా మార్చునపుడు గదికి నాలుగైదు మంచములు వేయుదురు. పైన మఱియొక అంతస్తు లేపుదురు. దానిపై నీటితొట్లు పెట్టుదురు. ఒక ఘనపు మీటరు నీరు వేయి కిలోగ్రాములు తూగును. మీటరు ఎత్తు నీరు నిలిచిన తొట్టి క్రింద స్లాబుపై పడు బరువు చదరపు మీటరునకు వేయి కిలోగ్రాములు. అనగా గణించినదానికి అయిదు రెట్లు. ఆ తొట్టి దూలములమీదికి, స్తంభములమీదికి బరువు దిగునట్లు పెట్టబడినదా, లేక వట్టి స్లాబు నడుమ నున్నదా యని ఏ తండ్రియైనను తన బిడ్డను హాస్టలున చేర్చునపుడు అడిగియుండునా? భోజనము, అద్దె, స్నానపు గదుల సంగతియే అడుగుదురు. ఈ ప్రశ్న కూడ అడుగుట మేలు.

ఉపేక్షా ఫలమును మన జంటనగరములు చూడకపోలేదు. 2013 జులై 8వ తేదీ ఉదయమున సికిందరాబాదు రాష్ట్రపతి రోడ్డున దశాబ్దములనాటి కట్టడములో నడుచుచుండిన సిటీ లైట్ హోటలు కూలి, పదిమందికి పైగా మరణించిరి. ఫలాహారము చేయ వచ్చినవారును, వంటపనివారును శిథిలములక్రింద చిక్కుకొనిరి. ప్రతి సంవత్సరము తొలకరికి ముందు నగరపాలక సంస్థవారు శిథిల గృహములను గుర్తించి, నోటీసులిచ్చి, ఖాళీ చేయించుట వాడుకగా నున్నది. ఇది మంచిదే గాని, కూలుటకు సిద్ధమై కంటికి కనబడు ఇల్లు మాత్రమే దీనివలన దొరకును. పైకి రంగువేసి లోపల త్రుప్పుపట్టిన మేడ దొరకదు. దానికి కావలసినది నియతకాల పరీక్ష.

ఆ పరీక్ష యెట్లు జరుగునో కొంత చెప్పెదను. నిపుణుడు మొదట కన్నులతో చూచును: బీటలు ఎచ్చట నున్నవి, ఏ వాలున నున్నవి, నీరెక్కడ ఊరుచున్నది యని. తరువాత చిన్న సుత్తితో తట్టి వినును. లోన విడిపోయిన కాంక్రీటు డొల్లగా మ్రోగును. స్ప్రింగు గల సుత్తితో కొట్టి, అది ఎంత వెనుకకు ఎగురునో కొలచి, పైపొర గట్టిదనము నంచనా వేయును. పిమ్మట మన చెవికి వినబడని ధ్వని తరంగములను స్తంభమునకు ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు పంపును. వాని వేగము సెకనుకు 4.5 కిలోమీటర్లకు మించినచో కాంక్రీటు చాల మంచిది. 3 కిలోమీటర్లకు తగ్గినచో సందేహింపదగినది. మైలుతుత్తపు ద్రావణములో రాగికడ్డి నుంచిన ఎలక్ట్రోడును కాంక్రీటుమీద ఆనించి, కంటికి కనబడని ఊచకు త్రుప్పు పట్టుచున్నదో లేదో విద్యుత్పీడనమును బట్టి ఊహించును. సందేహము తీఱనిచోట గుండ్రని ముక్కను కోసి తీసి, ప్రయోగశాలలో నలిపి చూచును.

వీనిలో మన విద్యార్థులకు మిక్కిలి నచ్చునది ఫినాఫ్తలీను పరీక్ష. క్షారమున ఈ ద్రావణము గులాబిరంగు దాల్చునని ప్రయోగశాలలో చూచియే యున్నారు. క్రొత్తగా పగులగొట్టిన కాంక్రీటుపై దీనిని చల్లినచో క్షారము మిగిలిన భాగము గులాబిరంగగును. బొగ్గుపులుసు గాలి తినివేసిన భాగము రంగు లేక యుండును. ఆ రంగులేని పొర ఊచను చేరినదా, ఇంకను దూరముగా నున్నదా యని స్కేలుతో కొలిచి చెప్పవచ్చును.

ఇట్టి పరీక్షను చట్టముగా విధించిన నగరములు కలవు. ముంబాయిలో ముప్పది యేండ్లు నిండిన కట్టడమునకు నిపుణునిచే పరీక్ష చేయించి పత్రము దాఖలు చేయవలెను. అమెరికాలోని మయామిలో 1974వ సంవత్సరమున ఒక ప్రభుత్వ కార్యాలయపు కప్పు కూలి ఏడుగురు మరణించిన తరువాత, నలువది యేండ్లు నిండిన కట్టడములను పరీక్షించి, అవి నివాసయోగ్యములే యని తిరిగి ధ్రువపఱచవలెనని నియమము చేసిరి. పిమ్మట పదేసి యేండ్లకొకమాఱు పరీక్ష.

అయినను ఆ మయామి చెంతనే, సర్ఫ్‌సైడ్ అను ఊరిలో, 1981లో కట్టిన పండ్రెండంతస్తుల మేడలో ఒక భాగము 2021 జూన్ 24వ తేదీ రాత్రి కూలి, 98 మంది మరణించిరి. అప్పటికి దాని నలువదియేండ్ల పరీక్షకు ఏర్పాట్లు జరుగుచునే యున్నవి. అంతేకాదు, ఈతకొలను చుట్టునున్న స్లాబున నీరు దిగి కాంక్రీటు మిక్కిలి చెడినదని ఒక ఇంజనీరు 2018లోనే వ్రాసి యిచ్చెను. అంత సొమ్ము ఎవరు పెట్టవలెను, ఎప్పుడు పెట్టవలెను అని ఇంటివారు తర్జనభర్జనలు పడుచుండగా మూడేండ్లు గడచెను. పరీక్ష జరిగినది, పత్రము వ్రాయబడినది, మరమ్మతు మాత్రము జరుగలేదు. ఆ మఱుసటి యేట ఫ్లోరిడా రాష్ట్రము గడువును ముప్పది యేండ్లకు కుదించినది. కాని గడువుకంటె పెద్ద లోపము పత్రమునకును పనికిని నడుమ నున్న ఆ మూడేండ్లలోనే కలదని మా యభిప్రాయము.

మన యుస్మానియా ఆసుపత్రి కథలోను ఇట్టి జాప్యమే కలదు. 1908 నాటి మూసీ వరదల పిమ్మట, విన్సెంట్ ఎష్ అను శిల్పి రూపకల్పనచే, నైజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున కట్టిన ఆ భవనము శిథిలమైనదని కొందఱు, మరమ్మతు చేసిన నిలుచునని కొందఱు ఏండ్లతరబడి వాదించిరి. ఆ వాదము తెగకముందే 2020 జులైలో వార్డులలోనికి నీరు వచ్చెను. పాత భవనమును ఖాళీ చేయించిరి. చివరకు 2025 జనవరి 31వ తేదీన గోషామహల్‌లో క్రొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. ఈ రెండు పక్షములలో ఎవరిది సత్యమైనను, నడుమ బాధపడినవారు రోగులు.

ఇంటియందు మనము చేయదగిన పరీక్ష యొకటి కలదు. గోడమీద బీట కనబడినచో, దానికి అడ్డముగా పలుచని అద్దపు బద్దను ఇరుప్రక్కల సిమెంటుతో అతికించి, ప్రక్కన తేదీ వ్రాసియుంచవలెను. ఒక వానకాలము, ఒక ఎండకాలము గడచినను అద్దము చెక్కుచెదరక యున్నచో ఆ బీట పాతది, కదలికలేనిది, పూడ్చిన చాలును. అద్దము విఱిగినచో గోడ ఇంకను కదలుచున్నది. అప్పుడు పిలువవలసినది సున్నము వేయువానిని గాదు, ఇంజనీరును.