టార్చిలైటు బ్యాటరీ కొనేముందు



మదనపల్లెలో టమాటా తోటకు రాత్రిపూట నీళ్లు కట్టేవారికి, పుంగనూరులో తెల్లవారకముందే పాలు పితికేవారికి, కుప్పంలో ఏనుగుల నుండి పైరు కాచుకునేవారికి తలకు కట్టుకునే టార్చిలైటు ఎంతో అవసరం. ఎలక్ట్రానిక్ సిగరెట్లలో వాడే లిథియం బ్యాటరీయే ఈ లైట్లు చాలావాటిలోనూ ఉంటుంది. ఆ సిగరెట్లను మన దేశంలో 2019లో నిషేధించారు. బ్యాటరీ మాత్రం ఇంటింటా ఉంది. కనుక మంచిదాన్ని ఎంచుకోవడం నేర్చుకుందాం.

1. అంకె చూసి మోసపోవద్దు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే 18650 బ్యాటరీ సామర్థ్యం సాధారణంగా 3,500 ఎం.ఏ.హెచ్. లోపే. దానిమీద 9,900 అని ఉంటే అది నకిలీ.

2. కంపెనీ పేరు, ఐ.ఎస్. 16046 గుర్తు ఉన్నదే కొనండి. పాత ల్యాప్‌టాప్‌ల నుండి తీసి కొత్త తొడుగు వేసినవి వద్దు.

3. తొడుగు చిరిగినా, బ్యాటరీ ఉబ్బినా వాడకండి. విడి బ్యాటరీని తాళంచెవులు, చిల్లరతో కలిపి జేబులో వేసుకోకండి. ఇనుము తగిలి రెండు కొనలూ కలిస్తే నిప్పు పుడుతుంది.

4. సరైన చార్జరే వాడండి. 4.2 వోల్టులు దాటితే ప్రమాదం. పరుపు మీద పెట్టి, చార్జింగులో వదిలి నిద్రపోకండి.

ఒళ్లు కాలితే ఉంగరాలు, గాజులు తీసి, 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచండి. పేస్టు, ఇంకు, పసుపు పూయకండి. వాటిని కడిగి తీసేటప్పుడు మేమెంత జాగ్రత్తపడినా రోగికి నొప్పి తప్పదు. శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

తలకు కట్టుకునే వస్తువు ఇది. చవకని చూడకండి.