తీరప్రాంత శ్రామికులలో దీర్ఘకాలిక మెడ నొప్పి: ఫిజియోథెరపీ పద్ధతుల తులనాత్మక పరిశీలన

నెల్లూరు జిల్లా తీరంలోని విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాలలో వరి, రొయ్యల సాగు పక్కపక్కనే కొనసాగుతున్నాయి. రబీ, ఎడగారు పైర్లకు నాట్లు వేసే స్త్రీలు గంటల తరబడి నడుము, మెడ వంచి పనిచేస్తారు. రొయ్యల చెరువుల వద్ద కూలీలు మేత సంచులను గట్ల వెంట తలపైన, భుజంపైన మోస్తారు. ప్రాసెసింగ్ షెడ్లలో రొయ్యల పొట్టు వలిచేవారు రోజంతా తల వంచే ఉంటారు. మెడ కండరాలు విశ్రాంతి లేక అలసిపోవడం ఈ పనులన్నింటిలోనూ కనిపించే అంశం.

మూడు నెలలకు మించి కొనసాగే నొప్పిని దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తారు. ఫిజియోథెరపీ కోసం పట్టణానికి వెళ్లిన ప్రతిసారీ కూలీ ఒక రోజు వేతనాన్ని కోల్పోవలసి వస్తుంది. అందువల్ల ఏ చికిత్స ఎంత ఉపశమనం ఇస్తుందన్నదే కాక, ఆ ఉపశమనం ఎంతకాలం నిలుస్తుందన్నది కూడా ముఖ్యమే.

చికిత్సా పద్ధతులు – ఫలితాలు

కాపడం, అల్ట్రాసౌండ్, విద్యుత్ ప్రేరణ, ట్రాక్షన్: వీటిలో రోగి చేయవలసిన శ్రమ ఉండదు. కాపడం బిగుసుకున్న కండరాలను సడలించి కొంతసేపు హాయినిస్తుంది. అయితే ఈ పద్ధతులను మాత్రమే ఆశ్రయించినపుడు దీర్ఘకాలిక ప్రయోజనం చేకూరుతుందనడానికి బలమైన ఆధారాలు లేవు.

మాన్యువల్ థెరపీ: శిక్షణ పొందిన నిపుణులు కీళ్లను, కండరాలను చేతులతో కదిలించే ఈ చికిత్స వల్ల నొప్పి త్వరగా తగ్గవచ్చు. అమెరికాలో 191 మంది రోగులపై 11 వారాల చికిత్సతో జరిగిన అధ్యయనం ఫలితాలు 2001, 2002 సంవత్సరాలలో వెలువడ్డాయి. రెండేళ్ల తరువాత పరిశీలించగా, మాన్యువల్ థెరపీ మాత్రమే పొందిన వారికంటే వ్యాయామం చేసిన వారిలో నొప్పి తక్కువగా ఉంది. క్షౌరశాలలలో మెడను ఒక్కసారిగా మెలితిప్పించుకోవడం ఈ చికిత్స కిందికి రాదు. దానివల్ల మెదడుకు రక్తం చేరవేసే ధమని గాయపడే ప్రమాదం ఉంది.

బలవర్ధక వ్యాయామాలు: ఫిన్లాండ్‌లో 180 మంది మహిళా కార్యాలయ ఉద్యోగులపై జరిపిన అధ్యయనం 2003లో ప్రచురితమైంది. మెడ కండరాల బలాన్ని లేదా ఓర్పును పెంచే వ్యాయామాలను ఏడాది పాటు చేసిన వారిలో, సాధారణ వ్యాయామ సలహా మాత్రమే పొందిన వారితో పోలిస్తే, నొప్పి గణనీయంగా తగ్గింది. ఈ అధ్యయనం కార్యాలయ ఉద్యోగులకు సంబంధించినది కనుక, పొలంలో శ్రమించే వారికి వ్యాయామ తీవ్రతను వారి అలసటకు తగినట్లు సవరించాలి.

ఇంటి వద్ద చేయదగిన వ్యాయామాలు

1. వెల్లకిలా పడుకొని, తల ఎత్తకుండా, ‘అవును’ అన్నట్లు గడ్డాన్ని కొద్దిగా లోనికి వంచి 10 సెకన్లు నిలపాలి.
2. నుదుటిపై అరచేయి ఉంచి, తల కదలకుండా చేతికి ఎదురుగా 5 సెకన్లు నెట్టాలి. ఇదే విధంగా తల వెనుక, ఇరుపక్కల చేయాలి.
3. రెండు భుజపుటెముకలను వెనుకకు దగ్గరగా లాగి 5 సెకన్లు నిలపాలి.

ఒక్కొక్కటి ఐదుసార్లతో మొదలుపెట్టి క్రమంగా పదిసార్లకు పెంచుతూ, వారానికి మూడు రోజులు చేయాలి. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. తొలి విడతలో ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణ అవసరం.

విస్తరణ సిబ్బందికి సూచనలు

నొప్పికి కారణమైన పని తీరు మారనంతవరకు వ్యాయామ ఫలితం నిలవదు. మేత సంచులను, 45 కిలోల యూరియా బస్తాలను తలపై మోయకుండా తోపుడు బండ్లు వాడేలా రైతులను ప్రోత్సహించాలి. పొట్టు వలిచే బల్లలను మోచేతి ఎత్తుకు అమర్చాలి. నాట్లు వేసేవారు మధ్యమధ్య నిటారుగా నిలబడి కొద్దిసేపు విశ్రమించాలి.

చేతులలో తిమ్మిరి లేదా బలహీనత, నడకలో తడబాటు, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటి లక్షణాలున్నవారిని వ్యాయామానికి ముందే వైద్యుని వద్దకు పంపాలి. మిగిలినవారికి కాపడం, మాన్యువల్ థెరపీ తాత్కాలిక తోడ్పాటుగా, వ్యాయామం ప్రధాన చికిత్సగా ఉండాలి. రైతు శిక్షణ కార్యక్రమాలలో పావుగంట దీనికి కేటాయిస్తే, ఆసుపత్రి ప్రయాణాలకు పోయే కూలి దినాలు కొంతైనా మిగులుతాయి.