పీడ విరగడైందని అనకండి

తొమ్మిదో తరగతి అమ్మాయి. ఆరో తరగతి నుంచీ ఒక్కతే స్నేహితురాలు. ఆ పిల్లకి గిట్టనివాళ్లతో ఈమె మాట్లాడకూడదు. సైన్సు రికార్డు ముందు ఆ పిల్లది రాసిపెట్టి, తర్వాతే తనది రాసుకోవాలి. ఒకరోజు ఈమె కుదరదంది. మర్నాటికి క్లాసు వాట్సాప్ గ్రూపులో ఈమె పేరు లేదు. ఆదివారం సాయంత్రం మిగతా పిల్లలంతా విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ముందు దిగిన ఫొటో మాత్రం స్టేటస్‌లో కనిపించింది. వంటింట్లోంచి అమ్మ అంటుంది: "పోన్లే, పీడ విరగడైంది. నేను ముందే చెప్పానా!"

ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు. అమ్మ అన్నది అబద్ధమూ కాదు. కానీ ఆ పూటకి ఆ నిజం ఎందుకూ పనికిరాదు. అమ్మాయి ఏడుస్తున్నది పెత్తనం చేసిన పిల్ల కోసం కాదు, జ్వరమొస్తే నోట్సు తెచ్చిచ్చి పక్కన కూర్చున్న పిల్ల కోసం. ఇద్దరూ ఒకరే కావడమే దాని బాధ. "దాని కోసం కూడా ఏడుస్తావా" అంటే ఆ ఏడుపు ఆగదు, తలుపు వెనక్కి పోతుంది. ఏడవనివ్వండి. అవతలి పిల్లని తిట్టకండి కూడా. నాలుగు రోజులకి వాళ్లు మళ్లీ మాట్లాడుకుంటే, మీ తిట్లు గుర్తుండి ఈసారి మీకసలు చెప్పదు.

ఉక్కునగరంలోనో పోర్టు క్వార్టర్స్‌లోనో ఉండేవాళ్లకి ఇంకో చిక్కుంది. తండ్రులిద్దరిదీ ఒకే డిపార్ట్‌మెంటు. తల్లులిద్దరూ శ్రావణ శుక్రవారం వాయనాలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లు. పిల్లల తగాదా మీ చెవిన పడేలోపే, "ఏంటి గురూగారూ, మీ అమ్మాయి మా అమ్మాయితో మాట్లాడ్డం లేదట" అని షిఫ్టు దిగుతూ ఆయన అడిగేస్తాడు. మొహమాటం కొద్దీ ఇద్దరు పిల్లల్నీ హాల్లో నిలబెట్టి చేతులు కలిపించేస్తారు. (ఈ చేతులు కలిపించే సభలు పెద్దల మనశ్శాంతికే తప్ప పిల్లలకి ఒరగబెట్టింది నేనెక్కడా చూడలేదు.) అలాగని ఆ ఇంటితో రాకపోకలు మానుకోనక్కర్లేదు. మీ స్నేహం మీది, మీ అమ్మాయి నిర్ణయం తనది.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నిలదీయకండి. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం' మన పక్క ఊరి నాటకమే కదా. అందులో వెంకటేశానికి చుట్ట కాల్చడం నేర్పిన గిరీశాన్ని ఇంట్లో పెట్టుకుని, అతను కొడుకుతో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే మురిసిపోయింది తల్లి వెంకమ్మే. మన ఇళ్లలోనూ అంతే. "అత్తయ్యా" అంటూ వచ్చి మీ పులిహోర మెచ్చుకునే పిల్ల మీద ఫిర్యాదు చేస్తే మీరు నమ్ముతారని మీ అమ్మాయికి ఎలా తెలుస్తుంది?

ఫోను లాక్కోవద్దు. బ్లాక్ చెయ్యాలో, స్టేటస్‌లు కనపడకుండా మ్యూట్‌లో పెట్టుకోవాలో తననే తేల్చుకోనివ్వండి. ఒకసారి బ్లాక్ చేసి, రాత్రికి తీసేసి, మళ్లీ చేస్తుంది. అది బలహీనత అనుకోకండి. మర్నాడే ఈతకో స్కేటింగుకో చేర్చేయడం కన్నా, ఆదివారం పొద్దున్న నాన్నతో ఫిషింగ్ హార్బర్‌కి పంపడం మేలు. కోనాం బేరమాడి, సంచి చెరో పక్కా పట్టుకుని నడుస్తుంటే, ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే రాని మాటలు వాటంతటవే వస్తాయి. వచ్చినప్పుడు సలహా ఇవ్వకుండా వినండి. అనకాపల్లిలోనో భీమిలిలోనో ఈడైన అక్కచెల్లెళ్లు ఉంటే సెలవుల్లో రెండ్రోజులు పంపండి. ఆ క్లాసులో ఎవరు ఎవరి జట్టో తెలియని మనుషులు ఇప్పుడు దానికి కావాలి.

కొన్ని విషయాల్లో మాత్రం ఆగకూడదు. పాత ఫొటోలో, మెసేజ్‌లో బయటపెడతామని ఎవరైనా బెదిరిస్తుంటే ఆ బెదిరింపుల్ని చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి, స్కూల్లో చెప్పి, 1930 సైబర్ హెల్ప్‌లైన్‌కి ఫోను చెయ్యండి. పిల్లలకి 1098 ఉంది. నిద్రా తిండీ రెండు వారాలైనా దారిన పడకపోతే 14416కి చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉండనే ఉంది. "పిచ్చాసుపత్రి" అని వెటకారం చేసే అలవాటుంటే ముందు అది మానండి. చచ్చిపోవాలనుందని అమ్మాయి నోటి వెంట వస్తే రెండు వారాలు కాదు, ఆ రోజే తీసుకెళ్లండి.

ఇక పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం వెళ్తే పక్క క్వార్టర్ ఆవిడ అడుగుతుంది, ఇద్దరూ విడివిడిగా వెళ్తున్నారేంటని. "అది మా అమ్మాయి సంగతండీ, దాన్నే చూసుకోనిద్దాం" అనండి. అంతకుమించి ఒక్క ముక్క కూడా చెప్పకండి.